ఇచ్చిపుచ్చుకొనుట: కళాయి గిన్నె నుండి బ్యాటరీ వరకు

మన పిల్లలు బడిలో రసాయనశాస్త్రం మొదలుపెట్టినప్పుడు వారిని తికమక పెట్టే జంట మాటలు రెండున్నవి. తెలుగులో వాటిని ఆక్సీకరణం, క్షయకరణం అంటారు. మలయు భాషలో చదువుకొనే పిల్లలకు రెండవది "పెనురునాన్", అనగా దింపుట, తగ్గించుట. ఇంగ్లీషులో "రిడక్షన్" అన్నా తగ్గింపే. పాఠ్యపుస్తకమేమో ఎలక్ట్రాన్లను పోగొట్టుకొనుట ఆక్సీకరణమనీ, ఎలక్ట్రాన్లను పొందుట క్షయకరణమనీ నిర్వచనం చెబుతుంది. అప్పుడు తరగతిలో ఎవరో ఒక చురుకైన పిల్ల లేచి, "పొందితే పెరగాలి గదా మాస్టారూ, క్షయమని ఎందుకంటారు?" అని అడుగుతుంది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు నిర్వచనంలో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. మూడు వందల ఏండ్లకు పైబడిన ఆ చరిత్రలో, మనం స్థిరపడిన ఈ మలేసియా గడ్డలోని తగరానికి పాలున్నది. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుండి మన పెద్దలు ఓడలలో మూటగట్టి తెచ్చుకొన్న ఇత్తడి, రాగి పాత్రలకు కూడా పాలున్నది. ఆ పాత్రలు నేడు చాలా ఇండ్లలో అటుక ఎక్కినవి, కొన్ని తూకానికి అమ్ముడుపోయినవి. అవి పూర్తిగా కనుమరుగు కాకముందే వాటిలో దాగిన శాస్త్రాన్ని మన పిల్లలకు చెప్పుకొనవలెనని ఈ వ్యాసం వ్రాయుచున్నాము.

కళాయి అను మాట ఎక్కడిది?

రాగి గిన్నెలోగాని ఇత్తడి గిన్నెలోగాని పులుసు కాచకూడదని మన అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పేవారు. కాచవలసి వస్తే గిన్నెకు లోపల కళాయి ఉండాలి. కళాయి లేని పాత్రలో చింతపండు పులుసు నిలవ ఉంటే చిలుము లేస్తుంది, తిన్నవారికి వాంతులవుతవి. ఇది మూఢనమ్మకం కాదు. చింతపండు పులుపు తనంతట తాను రాగిని కరిగించలేదు. గాలిలోని ఆక్సిజన్ రాగిని పట్టుకొని ఆక్సైడుగా మార్చుతుంది, ఆ ఆక్సైడును పులుపు కరిగించుకొంటుంది. ఇద్దరూ కలిసి చేసే పని అది. కరిగిన రాగి లవణాలే మనకు హాని చేసేవి.

కళాయి పోసేవాడు చేసే పనిని ఒకసారి గుర్తు చేసుకొందాము. తిత్తులతో బొగ్గుల కొలిమి ఊది పాత్రను బాగా కాల్చేవాడు. నవసాగరం పొడి చల్లి దూదితోగాని గుడ్డతోగాని రుద్దేవాడు. తెల్లని పొగ లేచేది. వెంటనే తగరపు కడ్డీని తాకించితే అది కరిగి, గుడ్డతో తుడిచినకొద్దీ పాత్ర లోపలంతా వెండివలె పరచుకొనేది. తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరనే కరుగుతుంది గనుక చిన్న కొలిమి చాలును. నవసాగరం అనగా అమ్మోనియం క్లోరైడు. వేడికి అది అమ్మోనియాగాను, హైడ్రోజన్ క్లోరైడుగాను విడిపోయి పాత్రకు పట్టిన ఆక్సైడు పొరను తొలగిస్తుంది. శుభ్రమైన లోహానికే తగరం అంటుకొంటుంది. చదువు లేని ఆ పనివాడు చేసినది చక్కని రసాయన ప్రయోగం. అయితే తగరం ఖరీదని సీసం కలిపే కళాయి మాత్రం విషమే. అది తెలిసిన గృహిణులు మంచి తగరం అడిగి మరీ పోయించుకొనేవారు.

ఇక మాట సంగతి. "కళాయి" హిందూస్తానీ నుండి మనకు వచ్చింది. హిందూస్తానీకి అరబ్బీ నుండి వచ్చింది. అరబ్బీలో "ఖలయీ" అంటే తగరం. మధ్యయుగపు అరబ్బు నావికులు తూర్పు సముద్రంలో "కలహ్" అను రేవు నుండి తగరం వస్తుందని వ్రాసిపెట్టినారు. ఆ రేవు పేరు మీదనే లోహానికి ఆ పేరు వచ్చిందని, ఆ రేవు మలయా ద్వీపకల్పపు పడమటి తీరాన, నేటి కెడా ప్రాంతంలో ఉండేదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అంటే మన పెద్దలు ఈ దేశం రాక మునుపే, ఈ దేశపు పేరు మన వంటింటిలో గిన్నె అడుగున ఉన్నదన్నమాట!

తగరాన్ని తూచిన పండితులు

ఐరోపా పండితులకు ఆక్సీకరణ రహస్యం తెలిసినది కూడా తగరం తూచియే. లోహాన్ని గాలిలో బాగా కాల్చితే బూడిదవంటి భస్మం అవుతుంది. మన వైద్యులకు అది ఎన్నడో తెలిసిన విషయం. 17వ శతాబ్దంలో ఇంగ్లాండులో రాబర్ట్ బాయిల్ మూసిన గాజు పాత్రలో తగరాన్ని కాల్చి, పాత్ర మూతి తెరిచి తూచి, బరువు పెరిగిందని 1673లో ప్రకటించినాడు. అగ్ని కణాలు గాజు గుండా దూరి లోహంలో చేరినవని ఆయన అనుకొన్నాడు.

తరువాత జర్మనీలో స్టాల్ అను వైద్యుడు మరొక సిద్ధాంతాన్ని వ్యాపింపజేసినాడు. మండే ప్రతి వస్తువులోను "ఫ్లోజిస్టన్" అను ఒక పదార్థముంటుంది, మండునప్పుడు అది బయటికి పోతుంది అని. వినడానికి బాగానే ఉన్నది. కట్టె కాలితే పిడికెడు బూడిద మిగులుతుంది, ఏదో పోయినట్టే గదా! కాని లోహం కాలితే బరువు పెరుగుతున్నది. పోయినదానికి బరువు పెరుగుట ఏమిటి? ఈ చిక్కుముడిని చాలాకాలం ఎవరూ విప్పలేకపోయినారు.

విప్పినవాడు ఫ్రాన్సు దేశపు లావోయిజే. 1774లో ఆయన కూడా తగరాన్నే తీసికొన్నాడు. గాజు పాత్రలో ఉంచి మూతి కరిగించి మూసివేసి, కాల్చి, తెరవకుండానే తూచినాడు. బరువు మారలేదు! అగ్ని కణాలు దూరి ఉంటే పెరగవలసినది గదా. తరువాత మూతి తెరిచినాడు. గాలి బుస్సుమని లోపలికి పోయింది. అప్పుడు తూచితే బరువు పెరిగింది. లోపలి గాలిలో కొంత భాగాన్ని తగరం పట్టుకొన్నదని, ఆ ఖాళీని బయటి గాలి నింపిందని తేలిపోయింది. ఆ ఏడే ఆగస్టులో ఇంగ్లాండులో ప్రీస్ట్లీ పాదరస భస్మాన్ని వేడిచేసి, దీపాన్ని ప్రజ్వలింపజేసే ఒక వాయువును తీసినాడు. స్వీడన్‌లో షీలే దానిని అంతకుముందే తయారుచేసి ఉన్నాడు. లావోయిజే అది గాలిలో ఒక భాగమని గుర్తించి "ఆక్సిజన్" అని పేరు పెట్టినాడు. ఇంత చేసిన మహానుభావుణ్ణి ఫ్రెంచి విప్లవకాలంలో 1794 మే 8న శిరచ్ఛేదం చేసినారు.

ఆ పేరులో ఒక తమాషా ఉన్నది. గ్రీకు భాషలో ఆక్సిజన్ అంటే ఆమ్లాన్ని పుట్టించునది అని అర్థం. ఆమ్లాలన్నిటికీ మూలం ఈ వాయువేనని లావోయిజే నమ్మినాడు. మన పాత తెలుగు శాస్త్రగ్రంథకర్తలు దానినే అనువదించి "ఆమ్లజని" అన్నారు. 1810లో హంఫ్రీ డేవీ ఉప్పు నుండి తీసే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ అసలే లేదని నిరూపించినాడు. నమ్మకం పోయింది, పేరు నిలిచింది. శాస్త్రంలో పేర్లు పాత ఇంటి గడపలవంటివి. ఇల్లు మార్చి కట్టినా గడప అక్కడే ఉంటుంది.

క్షయం ఎందులో?

ఇప్పుడు రెండవ మాటకు వద్దాము. లోహం ఆక్సిజన్‌ను పట్టుకొనుట ఆక్సీకరణం. మరి భస్మాన్ని మరల లోహంగా మార్చుట? లోహం కరిగించే పనివారు దానిని లాటిన్‌లో "వెనుకకు తెచ్చుట" అను అర్థం గల మాటతో పిలిచేవారు. అదే రిడక్షన్. ఖనిజాన్ని మరల లోహపు స్థితికి తెచ్చుట అని భావం. అట్లు తెచ్చినప్పుడు బరువు తగ్గుతుంది, ఎందుకంటే ఆక్సిజన్ వెళ్ళిపోతుంది.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. ఈపో పట్టణం చుట్టూ ఉన్న కింటా లోయలో తవ్విన తగర ఖనిజం తగరపు ఆక్సైడే. శుద్ధమైన ఆ ఖనిజం 100 పాళ్ళలో సుమారు 79 పాళ్ళు తగరం, 21 పాళ్ళు ఆక్సిజన్. దానిని బొగ్గుతో కలిపి కొలిమిలో కాల్చితే, బొగ్గు ఆక్సిజన్‌ను లాగుకొని వాయువై పోతుంది, తగరం కరిగి అడుగున చేరుతుంది. నూరు పాళ్ళు వేస్తే డెబ్బది తొమ్మిది చేతికి వచ్చును. క్షయకరణం అను మాటకు కారణం ఈ బరువు క్షయమే. 1887లో స్థాపించబడిన స్ట్రెయిట్స్ ట్రేడింగ్ కంపెనీ 1890లో సింగపూర్ పక్కన ఉన్న పులావ్ బ్రానీ దీవిలో పెద్ద కొలిమి పెట్టి ఈ పనినే చేసింది. బాతు గాజా దగ్గర తాంజుంగ్ తువాలాంగ్‌లో 1938లో కట్టిన పెద్ద తవ్వోడ 1982 వరకు ఈ ఖనిజాన్నే తోడింది. 1985 అక్టోబరులో ప్రపంచ తగర మార్కెట్టు కూలినప్పుడు ఈ గనులు చాలా మూతపడినవి. ఆ దెబ్బ తిన్న కుటుంబాలు మన చుట్టుపక్కల కూడా ఉన్నవి.

ఒకటి గమనించవలెను. తగరం క్షయకరణం పొందినప్పుడే బొగ్గు ఆక్సీకరణం పొందింది. ఒకటి వదిలితే మరొకటి పట్టుకొన్నది. ఈ రెండు పనులు ఎన్నడూ విడివిడిగా జరగవు. ఇది మన శాస్త్రంలో మొదటి సూత్రం.

కప్ప కాళ్ళు, లోహపు బిళ్ళలు

ఇంతవరకు కథ నిప్పుది, గాలిది. విద్యుత్తు ఇందులోకి వచ్చినది ఒక కప్ప వలన. ఇటలీలో బొలోన్యా నగరపు ఆచార్యుడు గాల్వానీ, కోసిన కప్పకాళ్ళను ఇత్తడి కొక్కేలకు తగిలించి ఇనుప కమ్మీలకు వేలాడదీస్తే అవి ఎగిరిపడుట చూచినాడు. జంతువు శరీరంలోనే విద్యుత్తు ఉన్నదని 1791లో ప్రకటించినాడు. అదే దేశంలో వోల్టా దీనిని ఒప్పుకొనలేదు. విద్యుత్తు కప్పది కాదు, రెండు వేరు వేరు లోహాలది అన్నాడు. నిరూపించుటకు కప్పను తీసివేసి, ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలను లోహపు బిళ్ళల మధ్య పెట్టి దొంతరగా పేర్చినాడు. 1800 మార్చి 20 తేదీన లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఈ సంగతి ఉత్తరం వ్రాసినాడు. ఆ ఉత్తరంలో ఒక వైపుకు రాగి, ఇత్తడి లేదా వెండి, మరొక వైపుకు తగరం లేదా అంతకంటె మేలైన జింకు పనికివస్తవని ఉన్నది. రాగి, ఇత్తడి, తగరం! ఇవి మన కళాయి గిన్నెలోని లోహాలే గదా.

వోల్టా ఒక విషయం చూడలేదు. రెండు లోహాలు తాకితే చాలు, విద్యుత్తు ఊరికే పుడుతుందని ఆయన అనుకొన్నాడు. ఊరికే ఏదీ రాదు. దొంతర పనిచేసినంతసేపూ జింకు కొద్దికొద్దిగా తరిగిపోతున్నది. జింకు తనను తాను ఇచ్చుకొన్నందుకే విద్యుత్తు వచ్చింది. ఆ 1800 సంవత్సరంలోనే నికల్సన్, కార్లయిల్ అను ఇద్దరు ఆంగ్లేయులు ఈ దొంతరతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టినారు. 1807లో డేవీ పొటాసియం, సోడియం లోహాలను విడదీసినాడు. రసాయన మార్పు విద్యుత్తును ఇస్తుంది, విద్యుత్తు రసాయన మార్పును తెస్తుంది. దారి రెండు వైపులా ఉన్నదని తేలింది.

పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పనినేర్చుకొన్న పేదబిడ్డ మైకేల్ ఫారడే 1833, 1834 సంవత్సరాలలో ఈ ఇచ్చిపుచ్చుకొనుటకు లెక్క కట్టినాడు. ఇంత విద్యుత్తు పోతే ఇంత లోహం పేరుకొనును అని. ఆనోడు, కాథోడు, అయాను వంటి మాటలను విలియం హ్యూయెల్ అను పండితుని సహాయంతో వాడుకలోకి తెచ్చినది ఆయనే.

ముందు ఎవరు ఇస్తారు?

రెండు లోహాలు కలిసి తడిసినప్పుడు ఏది ఇస్తుంది, ఏది నిలుస్తుంది? దీనికి శాస్త్రజ్ఞులు ఒక వరుస కట్టినారు. హైడ్రోజన్‌ను సున్నగా పెట్టుకొని కొలిస్తే జింకు మైనస్ 0.76 వోల్టులు, ఇనుము మైనస్ 0.44, తగరం మైనస్ 0.14, రాగి ప్లస్ 0.34, వెండి ప్లస్ 0.80. మైనస్ ఎంత ఎక్కువైతే ఇచ్చే గుణం అంత ఎక్కువ. ఈ ఐదు అంకెలు తెలిస్తే ఇంటిలోని చాలా విషయాలు వివరించవచ్చును.

తోటలలో మన పెద్దల లైను ఇండ్లకు కప్పిన జింకు రేకులను చూడండి. లోపల ఉన్నది ఇనుము, పైన ఉన్నది జింకు పూత. 1837లో సోరెల్ అను ఫ్రెంచి ఇంజనీరు దీనికి పేటెంటు తీసికొని, గాల్వానీ పేరు మీద "గాల్వనైజింగు" అన్నాడు. రేకు మీద గీత పడి ఇనుము బయటపడినా వెంటనే తుప్పు పట్టదు, ఎందుకంటే జింకు ముందుకు వచ్చి తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది.

అదే మన ఇండ్లలో బియ్యం కొలుచుకొన్న పాలడబ్బా సంగతి వేరు. 1810లో పీటర్ డ్యూరాండ్ పేటెంటు తీసికొన్న నాటి నుండి ఇనుప రేకుకు తగరపు పూత పూసి డబ్బాలు చేయుట వ్యాపించింది. పూత చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం డబ్బా మెరుస్తుంది. గీత పడిందా, తగరం కంటె ఇనుమే ముందు ఇచ్చేది గనుక ఆ గీత దగ్గర ఇనుము త్వరత్వరగా తుప్పు పడుతుంది. జింకు పూత గాయపడినా కాపాడుతుంది, తగరపు పూత గాయపడితే హాని చేస్తుంది. మరి రాగి గిన్నెకు కళాయి? అక్కడ తగరం రాగి కంటె ముందు ఇస్తుంది. అందువలన కళాయి కొంత కొంత తాను తరుగుతూ రాగిని కాపాడుతుంది. కళాయి మాటిమాటికి వేయించవలసి వచ్చేది తోముడు వలననే కాదు, ఈ త్యాగం వలన కూడా.

ఈ సూత్రాన్ని మొదట ఓడల మీద ప్రయోగించినవాడు డేవీయే. బ్రిటిషు యుద్ధనౌకల కొయ్య అడుగుకు తొడిగిన రాగి రేకులు సముద్రజలంలో తినివేయబడుతుంటే, రాగికి ఇనుప ముక్కలుగాని జింకు ముక్కలుగాని తాకించి పెట్టండని 1824లో సలహా ఇచ్చినాడు. కొచ్చిన్‌లో టేకుతో కట్టిన సమరాంగ్ అను నౌక మీద కూడా దీనిని పరీక్షించినారు. రాగి చెడలేదు. కాని మరొక చిక్కు వచ్చింది. రాగి కొద్దిగా కరుగుతున్నందువలననే అంతవరకు నాచు, గుల్లలు ఓడకు అంటుకొనకుండా ఉండేవి. రాగి కరుగుట ఆగేసరికి అవి గుంపులుగా పట్టి ఓడ వేగం తగ్గించినవి. నౌకాదళం ఆ ఉపాయాన్ని మానుకొన్నది. డేవీ సూత్రం మాత్రం చెడలేదు. నేటి ఉక్కు ఓడల అడుగున జింకు దిమ్మలు కట్టేది ఆ సూత్రం మీదనే.

తంతి, టార్చి, నవసాగరం

వోల్టా దొంతర బలం త్వరలోనే సన్నగిల్లేది. నిలకడగా విద్యుత్తునిచ్చే ఘటాన్ని 1836లో డేనియల్ అను ఆంగ్లేయుడు తయారుచేసినాడు. ఒక వైపు జింకు, మరొక వైపు మైలుతుత్తం ద్రావణంలో రాగి, రెండింటి మధ్య సన్నని రంధ్రాలు గల గోడ. జింకు కరుగుతుంది, ద్రావణంలోని రాగి వచ్చి రాగి మీద పేరుకొంటుంది. పైన చెప్పిన అంకెలతో లెక్క కట్టండి. ప్లస్ 0.34 కు, మైనస్ 0.76 కు మధ్య దూరం 1.10 వోల్టులు. డేనియల్ ఘటం ఇచ్చేది అంతే.

తంతి వ్యవస్థ ఇటువంటి ఘటాల మీదనే నడిచింది. భారతదేశంలో ఓషానెస్సీ అను వైద్యుడు 1839లో కలకత్తాలో తంతి ప్రయోగాలు చేసి, 1851లో కలకత్తా నుండి డైమండ్ హార్బరుకు లైను వేయించినాడు. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు తంతితో కలిసినవి. 1870 చివరలో మద్రాసు నుండి పెనాంగుకు, అక్కడ నుండి సింగపూరుకు సముద్రం అడుగున తంతి వేసినారు. సముద్రజలం తగలకుండా అటువంటి తంతులకు తొడిగినది ఈ మలయా అడవులలోని చెట్ల పాలు, గట్టా పర్చా. మన వాళ్ళు వారం, పది రోజులు ఓడలో దాటిన సముద్రాన్ని కబురు నిమిషాలలో దాటగలిగింది. దాని వెనుక ఉన్నది ఎక్కడో గాజు కూజాలో కరుగుతున్న జింకు.

1866లో ఫ్రాన్సుకు చెందిన లెక్లాంషే మరొక ఘటం చేసినాడు. అందులో జింకు, బొగ్గు, మాంగనీసు డయాక్సైడు, వాటిని తడిపే ద్రావణంగా అమ్మోనియం క్లోరైడు. అనగా కళాయివాని సంచిలోని నవసాగరమే! 1886లో జర్మనీకి చెందిన గాస్నర్ ఆ ద్రావణాన్ని ముద్దగా చేసి జింకు డబ్బాలోనే కూరి, ఒలకని పొడి ఘటానికి పేటెంటు పొందినాడు. టార్చిలైటు బ్యాటరీ అక్కడ నుండి వచ్చింది. అందులో జింకు డబ్బాయే ఇంధనం. వాడినకొద్దీ డబ్బా గోడ తరిగి చివరకు చిల్లి పడుతుంది. పాత బ్యాటరీని టార్చిలో మరచిపోతే లోపలంతా తెల్లగా, తడిగా పాడయ్యేది ఇందుకే.

ఇక ఆ మాంగనీసు. మన పెద్దలలో చాలామంది వదలివచ్చిన విశాఖ, విజయనగరం సీమ మాంగనీసు ఖనిజానికి పేరు పొందినది. చీపురుపల్లి, గరివిడి ప్రాంతాలలో 1890 దశకం నుండి గనులు తవ్వినారు. ఆ ఖనిజంలో ఎక్కువ భాగం ఉక్కు పరిశ్రమకే పోయింది. అయినా టార్చి బ్యాటరీలో నల్లగా కనబడే పొడి ఏమిటని పిల్లలు అడిగితే, అటువంటి మాంగనీసు ఖనిజం మన ముత్తాతల సీమ నేలలో ఉన్నదని చెప్పవచ్చును.

అన్నిటినీ కలిపిన ఎలక్ట్రాన్

తుప్పు, కొలిమి, కప్పకాళ్ళు, తంతి ఇవన్నీ ఒకటేనని స్పష్టంగా తెలిసినది 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్న తరువాత. లోహం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు నిజంగా జరిగేది లోహం తన ఎలక్ట్రాన్లను ఇచ్చుట. పుచ్చుకొనునది ఆక్సిజనే కానక్కరలేదు. పూజగదిలో వెండి కుందులు నల్లబడుట వెండి గంధకంతో కలియుట వలన. అందులో వెండి ఆక్సిజన్‌తో కలియలేదు, అయినా అది ఆక్సీకరణమే. అప్పటి నుండి ఆక్సీకరణం అంటే ఎలక్ట్రాన్లను ఇచ్చుట, క్షయకరణం అంటే పుచ్చుకొనుట అని అర్థం విస్తరించింది. పాత గడపకు కొత్త ఇల్లు కట్టినారు.

ఇప్పుడు ఆ చురుకైన పిల్లకు జవాబు చెప్పుదాము. అమ్మా, క్షయం అన్న మాట ఎలక్ట్రాన్లు తెలియకముందు పుట్టినది, అది కొలిమిలో తగ్గిన బరువును గురించి. ఇంకొక కారణం కూడా చెప్పుకొనవచ్చును. 1740 దశకంలో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తుకు ప్లస్, మైనస్ అని గుర్తులు పెట్టినాడు. ఆ లెక్క ప్రకారం ఎలక్ట్రాన్ మైనస్ వైపు పడింది. మైనస్‌ను పుచ్చుకొంటే లెక్క తగ్గును. ప్లస్ రెండుగా ఉన్న రాగి అయాను రెండు ఎలక్ట్రాన్లను పుచ్చుకొని సున్న అవుతుంది. రెండు నుండి సున్నకు దిగుట క్షయమే గదా.

ఘటం అంటే ఏమిటో కూడా ఇప్పుడు ఒక్క మాటలో చెప్పవచ్చును. ఇచ్చేవానిని, పుచ్చుకొనేవానిని ఎదురెదురుగా కలియనీయకుండా వేరుచేసి, మధ్యలో తీగ వేస్తే ఎలక్ట్రాన్లు ఆ తీగ గుండా పోతూ దారిలో మన పని చేసిపెట్టుతవి. దారి లేకుండా నేరుగా కలిస్తే అదే తుప్పు, అదే మంట.

తిరిగి నింపగలిగే ఘటాన్ని 1859లో ప్లాంటే సీసంతో చేసినాడు. మోటారు కారులోని 12 వోల్టుల బ్యాటరీ అటువంటి రెండేసి వోల్టుల ఘటాలు ఆరు. 1970 దశకంలో విట్టింగ్‌హామ్, 1980లో గుడినఫ్, 1985లో జపానుకు చెందిన యోషినో వేసిన మెట్ల మీద లిథియం అయాను బ్యాటరీ నిలబడింది. 1991లో అది అంగడికి వచ్చింది. 2019లో ఆ ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు గుడినఫ్ వయస్సు 97 ఏండ్లు. మా వంటి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులకు ఇది ఎంతో ధైర్యమిచ్చే సంగతి! మన చేతిలోని ఫోను ఆ బ్యాటరీ మీదనే నడుస్తున్నది.

ఇంటిలో చేయదగిన రెండు ప్రయోగాలు

మొదటిది. ఒక నిమ్మకాయలో జింకు పూత గల మేకును, రాగి తీగను ఒకదానికొకటి తాకకుండా గుచ్చి వోల్టు మీటరు పెట్టితే ఇంచుమించు 0.9 వోల్టు చూపును. మూడు నాలుగు నిమ్మకాయలను వరుసగా కలిపితే చిన్న ఎర్రని ఎల్.ఈ.డి. దీపం మసకగా వెలుగును. విద్యుత్తు నిమ్మకాయ నుండి వచ్చిందని పిల్లలు అనుకొంటారు. కాదు. ఇచ్చేది జింకు, పుచ్చుకొనేది రసంలోని హైడ్రోజన్ అయాన్లు. నిమ్మకాయకు బదులు చింతపండు నీళ్ళు పోసిన గిన్నె అయినా చాలును. ప్రయోగం తరువాత ఆ కాయలను, ఆ నీళ్ళను పారవేయండి. వాటిలో కరిగిన జింకు ఉంటుంది.

రెండవది. నల్లబడిన వెండి కుందిని అల్యూమినియం రేకు పరచిన గిన్నెలో రేకుకు తాకేటట్లు పెట్టి, సోడా ఉప్పు కలిపిన వేడినీళ్ళు పోయండి. కొద్ది నిమిషాలలో నలుపు తగ్గును. అల్యూమినియం ఇచ్చింది, నల్లబడిన వెండి పుచ్చుకొని మరల వెండి అయింది. పొడితో రుద్దితే ప్రతిసారి కొంత వెండి పోతుంది, ఇందులో పోదు. రాళ్ళు పొదిగిన నగలకు మాత్రం ఈ పని చేయవద్దు. ఇత్తడిని చింతపండుతో తోముట వేరు సంగతి అని కూడా పిల్లలకు చెప్పండి. అక్కడ పులుపు ఆక్సైడును కరిగించివేస్తుందే గాని ఎలక్ట్రాన్లు చేతులు మారవు.

మన పెద్దలు ఈ సూత్రాలను పుస్తకాలలో చదువలేదు. గిన్నెలోను, కొలిమిలోను, పులుసులోను చూచి నేర్చుకొని మాటగా మనకు ఇచ్చినారు. మన మూడవ తరం ఆ మాటలను సగం విని, సగం మరచి, సాయంకాలపు తరగతులలో మరల కూడబలుకుకొంటున్నది. నాలుగవ తరం చేతిలో ఫోను ఉన్నది, గిన్నె లేదు. ఘటంలో ఇచ్చే లోహం ఎంత మంచిదైనా, పుచ్చుకొనేది ఎదుట లేకపోతే తీగలో ప్రవాహముండదు. కాబట్టి ఈ పండుగ సెలవులలో అటుక మీది ఇత్తడి గిన్నెను ఒకసారి దింపండి. చిలుము, కళాయి, నవసాగరం, ఆమ్లజని, క్షయకరణం అను మాటలను దాని పక్కన కూర్చుని పిల్లలకు చెప్పండి. తూకానికి అమ్మితే దానికి వచ్చేది ఇత్తడి ధర మాత్రమే.